ఒకటి ఉంచుకో, మిగిలినవి నడవనీ

"అన్నా, దీనికి ఎంత దుడ్డు వస్తాది?"

పాతికేళ్ళకు పైగా నా నాణేల బల్ల ముందు నిలబడినవాళ్ళు అడిగే మొదటి మాట ఇదే. తమిళంలో అడుగుతారు, కన్నడంలో అడుగుతారు, మా హోసూరు తెలుగులో అడుగుతారు. అరచేతిలో ఐదు రూపాయల బిళ్ళ ఉంటుంది. దాన్ని అంచులు పట్టుకుని తీసుకుంటాను. వెలుతురుకు వాల్చి బొమ్మ చూస్తాను, తిప్పి బొరుసు చూస్తాను, చిన్న త్రాసులో పెట్టి తూకం చూస్తాను. దాదాపు ప్రతిసారీ నేను చెప్పే జవాబు కూడా ఒకటే.

"ఐదు రూపాయలు."

ఈ మాట చెప్పడం నా పనిలో అన్నిటికంటే కష్టం. విన్నవాళ్ళ ముఖం వాడిపోతుంది. కొందరికి కోపం వస్తుంది, నేను తక్కువకు కొట్టేయాలని చూస్తున్నానని అనుకుంటారు. అయినా ఆ మాట చెప్పలేనివాడు ఈ బల్ల పెట్టుకుని కూర్చోకూడదని నా నమ్మకం. వందేళ్ళనాటి వెండి రూపాయికి వెల కట్టడం కంటే నిన్న బస్సులో వచ్చిన ఐదు రూపాయల బిళ్ళకు వెల కట్టడంలోనే మనిషి నిజాయితీ తేలుతుంది.

నేను ఈ పనిలోకి చదువుకుని రాలేదు. బాగలూరు రోడ్డులో మా మేనమామకు కిరాణా అంగడి ఉండేది. పదో తరగతి అయిపోగానే నన్ను అక్కడ గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టారు. 1992 అని అచ్చు వేసిన లావు ఐదు రూపాయల బిళ్ళలు అప్పుడప్పుడే చేతికి రావడం మొదలైంది. మామ ఒక మాట చెప్పేవాడు: "చిల్లర లెక్కపెట్టేటప్పుడు కళ్ళు గిరాకీ మీద ఉండాలిరా. బిళ్ళ సంగతి వేళ్ళు చూసుకుంటాయి."

నిజంగానే వేళ్ళు నేర్చుకున్నాయి. పదకొండు మూలల రెండు రూపాయల బిళ్ళ చూడకుండానే తెలిసేది. రూపాయి పల్చన, స్టీలు. ఐదు రూపాయలది 23 మిల్లీమీటర్ల వెడల్పే గానీ 9 గ్రాముల బరువు, రాగీ నికెలూ కలిపిన లోహం. అంచు మీద గోరు పెట్టి లాగితే మధ్యలో సన్నటి గాడి తగులుతుంది. దొంగ అచ్చు వేసేవాడికి ఆ అంచు కష్టమని తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం అది నా గోటికి తెలిసిన ఒక గరుకు, అంతే.

ఒకరోజు అలాంటి బిళ్ళ మీదే, సంవత్సరం కింద మూడు చిన్న అక్షరాలు కనబడ్డాయి. ఎం, ఎం, డి. మామూలుగా అక్కడ చిన్న గుర్తు ఒకటి ఉంటుంది, లేకుంటే ఖాళీగా ఉంటుంది. అక్షరాలు ఎందుకు? దొంగ బిళ్ళ అనుకుని పక్కన పెట్టాను. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకాయన రోజూ పాలపొట్లానికి వచ్చేవాడు. ఆయనకు చూపించాను. కళ్ళద్దాలు తుడుచుకుని చాలాసేపు చూసి, "ఇది మాస్కోలో అచ్చు వేసింది నాయనా" అన్నాడు. దేశంలో చిల్లరకు కరువొచ్చి మన టంకశాలలు చాలక, ప్రభుత్వం బయటి దేశాల్లో బిళ్ళలు వేయించి తెప్పించిందని వివరంగా చెప్పాడు. 1985 రూపాయి మీద సంవత్సరం కింద హెచ్ అక్షరం ఉంటే అది ఇంగ్లండులోని బర్మింగ్‌హాంలో చేసిందట. ఎం, కె అని రెండక్షరాలుంటే స్లొవేకియాలోని క్రెమ్నిత్సాలో చేసిందట.

ఆ రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదు. మంచు దేశంలో తయారైన బిళ్ళ ఓడెక్కి వచ్చి, ఎన్ని చేతులు మారి, మా అంగట్లో పావుకిలో చక్కెరకు వచ్చి చేరిందో! తెల్లారి గల్లాపెట్టెలోని బిళ్ళలన్నీ కుమ్మరించి, సంవత్సరాల కింద ఏముందో ఒక్కొక్కటీ చూశాను. నా వృత్తి ఆ ఉదయం మొదలైంది.

మన దేశంలో నాణేలు అచ్చువేసే టంకశాలలు నాలుగు: ముంబై, కోల్‌కతా, హైదరాబాదు, నోయిడా. ముంబైకి వజ్రం గుర్తు. హైదరాబాదుకు నక్షత్రం. నోయిడాకు చుక్క. కోల్‌కతాకు ఏ గుర్తూ ఉండదు, ఆ ఖాళీయే దాని గుర్తు. మా దగ్గరికి వచ్చే పిల్లలకు ఇది నేర్పేటప్పుడు తెలుగే నాకు సాయం చేస్తుంది. చుక్క అంటే మనకు రెండు: ఆకాశంలో చుక్క, ముగ్గులో చుక్క. ఆకాశపు చుక్క హైదరాబాదుది, ముగ్గు చుక్క నోయిడాది. ఒకసారి చెబితే ఇక మరిచిపోరు.

ఆ ఆకాశపు చుక్క అంటే నాకు ప్రత్యేకమైన అభిమానం. నిజాముల కాలంలో మొదలై, 1903లో సైఫాబాదులో పెద్ద కట్టడంలోకి వచ్చి, 1997లో చర్లపల్లికి మారిన టంకశాల అది. సైఫాబాదు పాత కట్టడంలో 2022లో ప్రదర్శనశాల తెరిచాక ప్రత్యేకంగా వెళ్ళి చూసి వచ్చాను. తమిళనాట పుట్టి తెలుగు ఇంట్లో పెరిగినవాడిని. అంగట్లో చిల్లరలో ఆ చుక్క కనబడిన ప్రతిసారీ అటువైపు చుట్టాలింటి నుంచి కబురు వచ్చినట్టే ఉంటుంది.

హోసూరులో ఈ పని చేయడంలో ఒక సౌకర్యం ఉంది. ఇది మూడు రాష్ట్రాలు కలిసే మొరసునాడు. అత్తిబెలె దాటితే కర్ణాటక. వేపనపల్లి వైపు పోతే ఆంధ్ర సరిహద్దు. బెంగళూరు చిల్లరా, కుప్పం చిల్లరా, సేలం చిల్లరా ఇక్కడే కలుస్తాయి. దానికి తోడు సిప్కాట్ ఫ్యాక్టరీలు పెరిగేకొద్దీ ఉత్తరాది నుంచి, తూర్పు నుంచి పనివాళ్ళు వచ్చారు. వాళ్ళు ఊరికి పోయి వచ్చాక జేబుల్లో మిగిలిన చిల్లర మా అంగళ్ళలో పడుతుంది. నేను మొదలుపెట్టిన రోజుల్లో ముగ్గు చుక్కలూ ఖాళీలూ తక్కువగా కనబడేవి. తర్వాత తర్వాత మామూలైపోయాయి. ఊరు ఎలా మారిందో గల్లాపెట్టె చూసి చెప్పగలిగేవాడిని.

ఐదు రూపాయల బిళ్ళ ఒక్కటే నా కళ్ళ ముందు మూడు ఒళ్ళు మార్చింది. మొదట 9 గ్రాముల లావు తెల్ల బిళ్ళ. 2007 ప్రాంతంలో 6 గ్రాముల పల్చటి స్టీలు బిళ్ళ. 2009 నుంచి పసుపు రంగు నికెల్ ఇత్తడి బిళ్ళ. ఎందుకు మారిందంటే లోహం ధర. లావు బిళ్ళలోని లోహం విలువ ఐదు రూపాయలను దాటిపోయింది. బిళ్ళలను దొంగతనంగా బంగ్లాదేశ్ చేర్చి, కరిగించి, గడ్డం గీసుకునే బ్లేడ్లు చేస్తున్నారని అప్పట్లో పత్రికల్లో వార్తలు వచ్చాయి. నాణేన్ని కరిగించడం, పాడుచేయడం నేరం. 2011 నాణేల చట్టం ఆ మాట స్పష్టంగా చెబుతుంది. నా బల్ల దగ్గరికీ ఒకరిద్దరు వచ్చి లావు బిళ్ళలు కిలోల లెక్కన కావాలని అడిగారు. పంపించేశాను. లెక్కపెట్టకుండా తూకం వేసి బిళ్ళలు కొనేవాడికి వాటి ముఖంతో పనిలేదు.

ఇక వెల సంగతి. కొత్తగా సేకరణ మొదలుపెట్టినవాళ్ళు సంవత్సరం పాతదైతే ధర ఎక్కువ అనుకుంటారు. అది తప్పు. కోట్ల లెక్కన అచ్చయిన బిళ్ళ పాతికేళ్ళయినా దొరుకుతూనే ఉంటుంది. నేను నాలుగు సంగతులు చూస్తాను. ఏ సంవత్సరం? ఏ టంకశాల? మామూలు సింహాల బిళ్ళా, ఎవరి జ్ఞాపకార్థమైనా వేసిందా? నాలుగోది అన్నిటికంటే ముఖ్యం: ఎంత అరిగింది?

ఒకే సంవత్సరం, ఒకే గుర్తు ఉన్న రెండు బిళ్ళలు తీసుకోండి. ఒకటి పదేళ్ళు జేబుల్లో తిరిగింది. మరొకటి బ్యాంకు సంచిలోంచి నేరుగా కాగితం కవరులోకి పోయింది. మొదటిది ఐదు రూపాయలే. రెండోదాన్ని దీపం కింద మెల్లగా తిప్పితే వెలుగు బండిచక్రం ఆకుల్లాగా తిరుగుతుంది. అచ్చు దెబ్బ పడినప్పుడు లోహం పారిన దారులవి. మేము దాన్ని యూఎన్‌సీ అంటాం, అంటే చేతులు మారనిది. దానికి పది రూపాయలో, ఇరవయ్యో, అరుదైన గుర్తు అయితే ఇంకొంచెమో పలుకుతుంది. ఆ మెరుపు ఒకసారి పోతే మళ్ళీ రాదు.

ఆ సంగతి నేను డబ్బు కట్టి నేర్చుకున్నాను. మొదట్లో నా దగ్గర 1995 తిరువళ్ళువరు ఐదు రూపాయల బిళ్ళలు నాలుగు ఉండేవి, చేతులు మారనివి. ఎనిమిదో ప్రపంచ తమిళ మహాసభల సందర్భంగా వేసిన బిళ్ళలవి. కాస్త మసకగా కనబడుతున్నాయని చింతపండు పెట్టి ఇత్తడి చెంబు తోమినట్టు తోమాను. తళతళలాడాయి. బెంగళూరు నుంచి వచ్చిన ఒక పెద్ద వ్యాపారికి గర్వంగా చూపించాను. ఆయన అద్దం పెట్టి చూసి, నా చేతికి ఆ అద్దమే ఇచ్చాడు. వళ్ళువరు ముఖమంతా సన్నటి గీతలు. "వీటిని చిల్లరలో వాడెయ్, తమ్ముడూ" అన్నాడు. అప్పటి నుంచి ఏ బిళ్ళనూ తోమలేదు. ఎవరు అడిగినా నేను చెప్పే మొదటి జాగ్రత్త ఇదే: కడగొద్దు, తుడవొద్దు, ముఖం మీద వేలు పెట్టొద్దు. మెత్తటి ప్లాస్టిక్ ఆల్బముల్లో ఏళ్ళ తరబడి పెట్టినా చెడిపోతాయి. ఆ ప్లాస్టిక్కులోంచి వచ్చే జిగురుకు బిళ్ళ మీద ఆకుపచ్చ పొర కడుతుంది. అట్టముక్క మధ్యలో పల్చటి రేకు ఉన్న హోల్డర్లు చాలా తక్కువ ధరకే దొరుకుతాయి.

ఆ బెంగళూరు వ్యాపారి చేతి అద్దం చూశాకే నాకూ అలాంటిది కావాలనిపించింది. టైటాన్ ఫ్యాక్టరీలో పనిచేసే నా స్నేహితుడు పదింతలు పెద్దగా చూపే అద్దం ఎలాంటిది కొనాలో చెప్పాడు. ఆ అద్దంలో చూస్తే మామూలు చిల్లర ఒక ఊరంత కనబడుతుంది. 2003లో కామరాజు శతజయంతికి వచ్చిన ఐదు రూపాయల బిళ్ళ, 2009లో అణ్ణాదురై శతజయంతికి వచ్చిన బిళ్ళ మా ప్రాంతంలో అందరి చేతుల్లోనూ తిరిగాయి. అణ్ణా బిళ్ళ మీద ఆయన తమిళ సంతకం ఉంటుంది. కృష్ణగిరిలో ఒక మామిడిపండ్ల వ్యాపారి తన తండ్రి జ్ఞాపకంగా ఆ బిళ్ళను చొక్కా జేబులో పెట్టుకుని తిరిగేవాడు. అరిగి అరిగి సంతకం సగమే మిగిలింది. దాన్ని అమ్మితే ఐదు రూపాయలే వస్తుంది. "నాకు ఇది ఇంకెవరి దగ్గరా దొరకదన్నా" అన్నాడు. ఆయన లెక్కే సరైనది. అక్కడ నా త్రాసుకు పనిలేదు.

పిల్లలకు ఇంకొక కథ కూడా చెబుతాను. మన హోసూరు పక్కనే తొరపల్లి. 1878లో రాజాజీ పుట్టిన ఊరు. 1948 జూన్ నుంచి 1950 జనవరి 26 దాకా ఈ దేశానికి ఆయనే గవర్నర్ జనరల్. స్వతంత్రం వచ్చేసింది, మన ఊరి మనిషి ఆ పీఠం మీద ఉన్నాడు. కానీ జనం చేతుల్లో తిరుగుతున్న రూపాయి మీద ఇంకా ఇంగ్లండు రాజు ఆరో జార్జి తలే ఉంది. అశోకుడి సింహాలున్న మన సొంత బిళ్ళలు 1950 ఆగస్టు 15న వచ్చాయి. అవి కూడా అణాల్లోనే. నూరు నయా పైసల లెక్క 1957 ఏప్రిల్ 1న మొదలైంది. ఈ కథ విన్న పిల్లవాడు మరునాడు చిల్లరలో సింహాలను కొత్తగా చూస్తాడు. నాకు అదే పెద్ద వ్యాపారం.

పొరపాటు అచ్చుల దగ్గర కూడా ఒకసారి దెబ్బ తిన్నాను. పది రూపాయల బిళ్ళలో పసుపు వలయం, తెల్ల నడుము వేరువేరు ముక్కలు. అచ్చు దెబ్బ పడినప్పుడే రెండూ బిగుసుకుంటాయి. నడుము లేని వలయం ఒకటి టంకశాల పొరపాటు అని చెప్పి ఒకతను తెచ్చాడు. ఆశపడి మూడు వేలు ఇచ్చాను. తర్వాత అద్దంలో లోపలి అంచు చూశాను. నిజంగా నడుము లేకుండానే దెబ్బ పడి ఉంటే ఆ అంచు లోపలికి జరిగి వంకరపోవాలి. ఇది గుండ్రంగా, నడుము పట్టి ఉన్న ఆనవాలుతో శుభ్రంగా ఉంది. తట్టి ఊడదీసిన బిళ్ళ. ఆ వలయం ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. పొరపాటు అచ్చు కొనాలని వచ్చినవాళ్ళకు ముందు దాన్నే చేతికిస్తాను.

ఆ పది రూపాయల బిళ్ళ వల్లనే నా పని అర్థం నాకు తెలిసింది. కొన్నేళ్ళ కిందట మా వైపు ఒక పుకారు పుట్టింది, పది రూపాయల బిళ్ళ చెల్లదని. అంగడివాళ్ళు తీసుకోలేదు, ఆటోవాళ్ళు తీసుకోలేదు. రూపాయి గుర్తు ఉన్నది అసలు, లేనిది నకిలీ అని కొందరు. గీతలు పది ఉండాలి, పదిహేను ఉండకూడదని ఇంకొందరు. 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు ప్రకటన ఇచ్చింది: అప్పటిదాకా పది రూపాయల బిళ్ళ 14 రకాల అచ్చుల్లో వచ్చింది, అన్నీ చెల్లుతాయి. రూపాయి గుర్తు 2010లో వచ్చింది, అంతకుముందు అచ్చయిన వాటి మీద అది ఎలా ఉంటుంది? ఆ రోజుల్లో నేను ఆ రకాలను ఒక అట్ట మీద వరసగా అంటించి, బల్ల ముందు నిలబెట్టాను. సేకరణ కోసం పోగుచేసిన బిళ్ళలు సాక్ష్యానికి పనికొచ్చాయి. పూలమ్మే అక్క ఒకామె ఆ అట్ట చూసి, ముడివేసిన కొంగు విప్పి, దాచుకున్న బిళ్ళలు బయటికి తీసింది. "చెల్లవని చెప్పినారన్నా, పారేయలేక పెట్టుకోనుండాను" అంది. మా మామ అంగట్లోనే వాటికి నోట్లు ఇప్పించాను.

చివరగా బేరికై వైపు నుంచి వచ్చిన అమ్మ సంగతి చెప్పాలి. గులాబీ తోటల్లో కోత పని చేసే మనిషి. తువ్వాలు ముడిలో పదకొండు ఐదు రూపాయల బిళ్ళలు. అందులో రెండు వైష్ణోదేవి బిళ్ళలు, 2012వి. ఆ అమ్మవారి బొమ్మ ఉన్న బిళ్ళకు లక్షలిస్తామని ఎవరో ఫోనులో చెప్పారట. రిజిస్ట్రేషన్ అని ఒకసారి, పన్ను అని ఇంకోసారి, మొత్తం రెండువేల రెండువందలు కట్టించుకున్నారట. రిజర్వు బ్యాంకు ముద్ర ఉన్న కాగితం కూడా ఫోనుకు పంపారట. మూడోసారి అడిగితే ఎందుకో అనుమానమొచ్చి నా దగ్గరికి వచ్చింది.

"నిజం చెప్పన్నా, ఎంత వస్తాది?"

"ఐదు రూపాయలమ్మా. ఒక్కొక్కటీ ఐదు రూపాయలు."

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. నేను సొరుగు తీసి అవే వైష్ణోదేవి బిళ్ళలు, చేతులు మారనివి, కవరులో ఉన్నవి చూపించాను. "ఇంత తళతళలాడేదాన్ని నేను అమ్మేది కొద్ది రూపాయలు ఎక్కువకే. లక్ష ఎవరూ ఇవ్వరు. ముందు నీ దగ్గర దుడ్డు అడిగినవాడు కొనేవాడు కాదమ్మా" అన్నాను. పాత నోట్లు, నాణేలు కొంటామని తమ పేరు వాడుకుని మోసం చేస్తున్నారని, తాము అలాంటి వ్యవహారమేదీ చేయమని, ఎవరి దగ్గరా రుసుము అడగమని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. ఆ సంగతి చెప్పి, ఆమె వెంట వచ్చిన మనవడి చేత సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయించాను. ఫిర్యాదు రాసుకున్నారు. పోయిన దుడ్డు మాత్రం తిరిగి రాలేదు.

ఆమె కళ్ళు తుడుచుకుని, అమ్మవారి బిళ్ళ ఒకటి తీసి పక్కన పెట్టింది. "ఇది దేవుడి గూట్లో పెట్టుకుంటాను. మిగిలినవి?"

"మిగిలినవి నడవనియ్యమ్మా" అన్నాను.

పది బిళ్ళలకు మామ అంగట్లో చక్కెర, టీపొడి తీసుకుంది. ఏమైనా మిగిలితే మనవడికి బన్ను కొనిపెట్టమంది.

సేకరణ గురించి నేను నేర్చుకున్నదంతా అందులోనే ఉంది. మామూలు బిళ్ళను ప్రేమించేవాడు వెయ్యిలో ఒకదాన్ని ఉంచుకుంటాడు: మెరుపు చెడనిదాన్ని, గుర్తు అరుదైనదాన్ని, తన ఇంటి జ్ఞాపకం ఉన్నదాన్ని. మిగతా తొమ్మిదివందల తొంభై తొమ్మిదీ తిరిగి ఊరికి ఇచ్చేస్తాడు. అన్నీ డబ్బాల్లో దాచేసుకుంటే పూలమ్మే అక్కకు చిల్లర ఎక్కడిది? ఎప్పటికో లక్షలొస్తాయని మూటకట్టి పెట్టినవాడు ధనవంతుడైంది నేను చూడలేదు. ఏరుకుంటూ, చూస్తూ, తిరిగి వదిలేస్తూ వచ్చినవాళ్ళ ఆల్బములు మాత్రం ముచ్చటగా ఉన్నాయి.

రాత్రి బల్ల మూసేముందు ఆ రోజు వడగట్టిన చిల్లర లెక్కపెడతాను. ఏరినవి ఒకటో రెండో హోల్డర్లలోకి పోతాయి. మిగిలినవి సంచిలో వేసి అంగడికి తీసుకుపోతాను. ఇప్పుడు గల్లాపెట్టె దగ్గర మామ కొడుకు కూర్చుంటున్నాడు. వాడూ చూడకుండానే లెక్కపెడతాడు. తెల్లారేసరికి అవి పాలకు, పూలకు, కరివేపాకుకు వెళ్ళిపోతాయి. బేరికై అమ్మ ఇచ్చిన పది బిళ్ళలు ఈ వేళ ఎవరి చేతిలో ఉన్నాయో నాకు తెలియదు. ఎక్కడున్నా ఐదు రూపాయలకు చెల్లుతున్నాయి.